16 మీటర్ల తీగ, 9:1 పెట్టె: 160 మీటర్ల బ్యాండుకు సరిపోతుందా?

హామ్ రేడియోకు, అంటే ఔత్సాహికుల రేడియోకు, 16 మీటర్ల తీగను 9:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెతో కలిపి ‘160 నుంచి 10 మీటర్ల వరకు’ అని కిట్‌గా అమ్ముతారు. ఈ మీటర్లు బ్యాండ్ల పేర్లు, తరంగదైర్ఘ్యాన్ని బట్టి పెట్టినవి. 40 మీటర్ల బ్యాండు మీద పేచీ లేదు. అక్కడ 16 మీటర్ల తీగ ఇంపెడెన్స్ (కరెంటుకు మొత్తం అడ్డు) వందల ఓముల్లో ఉంటుంది, 9:1 ట్రాన్స్‌ఫార్మర్‌ది దాన్ని దించే పని. చిక్కంతా కింది బ్యాండ్లలోనే.

1.85 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగమంటే దాదాపు 40 మీటర్లు. 16 మీటర్లను నిలువుగా కట్టినా రేడియేషన్ రెసిస్టెన్స్ (పవర్‌ను తరంగాలుగా పంపే భాగం) సుమారు 4 ఓములే, దానికి తోడు తీగ పొట్టిదైనందువల్ల వచ్చే 770 ఓముల కెపాసిటివ్ రియాక్టెన్స్. అసలే తక్కువున్న రెసిస్టెన్స్‌ను ఈ పెట్టె తొమ్మిదో వంతుకు దించేస్తుంది. అయినా ట్యూనర్ (రేడియోకు, యాంటెన్నాకు పొంతన కుదిర్చే పరికరం) ఎస్‌డబ్ల్యూఆర్‌ను, అంటే ఆ పొంతన కొలతను, 1:1గా చూపించొచ్చు; 1:1 అంటే పూర్తి పొంతన. దాన్ని నమ్మకండి, ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లోనూ కోయాక్స్ కేబుల్‌లోనూ పవర్ వేడిగా పోయినా ఎస్‌డబ్ల్యూఆర్ బాగానే కనిపిస్తుంది. రిసీవ్‌లో లోపం తెలియదు. ఈ బ్యాండ్లలో సిగ్నల్‌తో పాటు వాతావరణ నాయిస్ కూడా అంతే తగ్గుతుంది కాబట్టి అందరూ వినిపిస్తారు, మన పిలుపే ఎవరికీ అందదు.

అందుకే 80, 160లకు పెట్టెను పక్కన పెట్టి, తీగ మొదట్లో ఆ రియాక్టెన్స్‌ను రద్దు చేసే లోడింగ్ కాయిల్ వేయాలి. 160కి 65 మైక్రోహెన్రీలు, అంటే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద ఒక చుట్టు నడిమి నుంచి పక్క చుట్టు నడిమికి 2 మిల్లీమీటర్లు ఉండేలా 23 చుట్లు. 80కి 7వ చుట్టు దగ్గర ట్యాప్ (మధ్యలో కలిపే కనెక్షన్) చాలు. తీగ వంపును బట్టి ఒకటి రెండు చుట్లు అటూ ఇటూ అవుతాయి, రెండు చుట్లు ఎక్కువే చుట్టి తగ్గించుకోండి.

అసలు నష్టం నేలలో ఉంది. గ్రౌండ్ 20 ఓములు, కాయిల్ 4 ఓములు అనుకుంటే 100 వాట్లలో గాలిలోకి వెళ్లేది 14 వాట్లు. గ్రౌండ్‌ను 10 ఓములకు తెస్తే 22. ఒక్క ఎర్త్ రాడ్‌తో అది కాదు, నేల మీద యాంటెన్నా అడుగు నుంచి చుట్టూ 10 మీటర్ల తీగలు (రేడియల్స్) 16 పరవండి. రెండు మూడు పొడుగాటివాటి కంటే ఇవే మేలు. రేడియల్స్ పెరిగేకొద్దీ మొత్తం రెసిస్టెన్స్ తగ్గి, కోయాక్స్ 50 ఓములకు ఇంకా దూరమై, ఎస్‌డబ్ల్యూఆర్ 1.8 నుంచి 2.8కి ఎక్కుతుంది. అది నష్టం తగ్గిందన్న గుర్తు, కంగారుపడి రేడియల్స్ తీసేయకండి. మిగతా సర్దుబాటు ట్యూనర్ చేస్తుంది.

కాయిల్ పై కొస దగ్గర 100 వాట్లకే వోల్టేజి శిఖరం 2,000 వోల్ట్లు దాటుతుంది. తీగ తడి చెట్టుకొమ్మకు తగలకూడదు, చేతికి అందకూడదు. కిట్‌లో వచ్చిన తీగ, ఇన్సులేటర్లు ఈ పనికీ సరిపోతాయి. తీగ ఒక్కటే కావాలంటే కిట్ కొననక్కర్లేదు.