ఎంవీపీ కాలనీలో కేబుల్ ఆపరేటర్ ఫైబర్: వేగం సరే, బిగింపే పేచీ

విశాఖ ఎంవీపీ కాలనీలో కేబుల్ ఆపరేటర్ ఇచ్చే ఈ ఇంటర్నెట్ జీపాన్ కనెక్షన్, అంటే ఒకే ఫైబర్ లైనును చాలా ఇళ్లకు పంచే పద్ధతి. ఒకే గాజు పోగులో రెండు వైపులా కాంతి నడుస్తుంది: ఇంటికి వచ్చేది 1490 నానోమీటర్లు, ఇంటినుంచి పోయేది 1310. అందుకే ఒకదానికొకటి అడ్డురావు. అయితే అప్‌లోడ్ వంతులవారీ. ఆపరేటర్ దగ్గర ఒకే పోర్టు (లైను మొదలయ్యే చోటు) మీదున్న ఇళ్లన్నీ సెకనుకు దాదాపు 1.25 గిగాబిట్లు పంచుకోవాలి. డౌన్‌లోడ్‌కు సుమారు 2.5.

100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో లాన్ వైరుతో కొలిస్తే 100కి దగ్గరగానే వస్తోంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో తగ్గితే ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు, 5కి మారండి.

అసలు చిక్కు బిగించే కుర్రాళ్లతో. కిటికీ మూలన వైరును మడతపెట్టి మేకు కొట్టేస్తారు. మడత దగ్గర కాంతి బయటికి కారిపోతుంది. వాళ్లు వెళ్లకముందే మోడెం పేజీలో ఆర్ఎక్స్ పవర్, అంటే మోడెంకు అందుతున్న కాంతి బలం, చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం (ఆ బలానికి కొలమానం) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 కంటే కిందికి పడితే లైను తెగుతూ ఉంటుంది. ఫైబర్ వైరు చివర ఉండే పచ్చ కనెక్టర్ కొన 8 డిగ్రీల వాలుతో ఉంటుంది, నీలందానికి కలిపితే సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. మోడెం మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ లేదని చెప్పే) లైటు ఎర్రగా ఉంటే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా దండగే, కాంతే రావట్లేదు. తెగిన కొనలోకి మాత్రం తొంగిచూడకండి.

వీధిలో కాంతిని ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ గదిలో బ్యాటరీ ఉంటే, తుపాను రాత్రి కరెంటు పోయినా ఇంట్లో మోడెంకు పెట్టిన 12 వోల్టుల మినీ యూపీఎస్‌తో నెట్ నడుస్తుంది. డాబా మీది ఫైబర్ డబ్బాకు ఉప్పుగాలి తగలకుండా మూత గట్టిగా వేయించుకోండి. ఆదివారం ఆపరేటర్ వాళ్లు ఫోన్ ఎత్తరు.