సిలికాన్ ముక్కల దిశ తేల్చే కేఓహెచ్ పరీక్ష: నాలుగేళ్లు వాడాక

మా ల్యాబ్‌లో విరిగిన సిలికాన్ వేఫర్ (చిప్‌ల తయారీకి వాడే పలుచని గుండ్రటి పలక) ముక్కలు డబ్బాల కొద్దీ ఉంటాయి. చిన్న సైజు వేఫర్ మొత్తంగా ఉంటే అంచున తిన్నగా కోసిన ఫ్లాట్లు చూసి 100 అనో 111 అనో (స్ఫటికాన్ని ఏ తలం వెంట కోశారో చెప్పే అంకెలు ఇవి) చెప్పేయొచ్చు, ఫ్లాట్ లేని ముక్క చేతికొస్తే మాత్రం అన్నీ అద్దంలా మెరుస్తూ ఒకేలా ఉంటాయి. ఒకసారి డబ్బా మీద 100 అని రాసి ఉంటే నమ్మేసి, కేఓహెచ్‌లో (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) గాడులు చెక్కాలని రెండు వారాలు కూర్చున్నాను. ఎంతసేపు ఉంచినా లోతు పెరగదే! తీరా చూస్తే అది 111. అప్పట్నుంచి పరీక్షించకుండా ఏ ముక్కా వాడటం లేదు.

ముందు విరిచి చూస్తాను. డైమండ్ స్క్రైబర్‌తో (వజ్రపు మొన ఉన్న గీతల పెన్ను) అంచున రెండు మిల్లీమీటర్ల గీత పెట్టి, దాని కింద సన్న తీగ ఉంచి రెండు పక్కలా నొక్కితే పుటుక్కున విరుగుతుంది. 100 అయితే మూలలు 90 డిగ్రీలకు, 111 అయితే 60కి వస్తాయి. ఖర్చు లేదు, నిమిషం పని. కానీ 110 ముక్కల్లో వచ్చే 70.5 డిగ్రీల మూలని కంటితో చూసి రెండుసార్లు పొరబడ్డాను, అందుకే విరుపు ఒక్కటే చూసి ఏదీ ఖాయం చేయను.

నేను నిజంగా నమ్మేది కేఓహెచ్ పరీక్షనే. కేఓహెచ్‌ని అడ్డుకునే ఆక్సైడ్ పొర ఉన్న ముక్క తీసుకుని, స్క్రైబర్ మొనతో పొర చిల్లు పడేలా అక్కడక్కడా చుక్కలు పెట్టి, 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 శాతం కేఓహెచ్‌లో ముంచుతాను. 100 తలం నిమిషానికి సుమారు ఒక మైక్రాన్ చొప్పున తరుగుతుంది, 111 తలంలో ఒక్కో అణువుని కిందనుంచి మూడు బంధాలు పట్టుకుని ఉంటాయి కాబట్టి అది దాదాపు కదలదు. పావుగంట తర్వాత కడిగి మైక్రోస్కోప్ కింద పెడితే 100లో ప్రతి గుంటా తలకిందులైన పిరమిడ్‌లా, చతురస్రం లేదా దీర్ఘచతురస్రం మూతితో కనిపిస్తుంది, దాని గోడలు 54.7 డిగ్రీల వాలులో దిగుతాయి. 111లో త్రిభుజాలు. నేను వంకరగా గీసినా గుంట అంచులు మాత్రం తిన్నగా స్ఫటికంలోని 110 దిశల వెంటే వస్తాయి, కాబట్టి తలం పేరుతో పాటు ముక్కని ఎటు తిప్పి పెట్టుకోవాలో కూడా తెలిసిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఎక్స్‌రే వివర్తనంలో (స్ఫటికం మీద ఎక్స్‌రేలు పడేసి అవి ఏ కోణంలో బలంగా తిరిగొస్తాయో చూసే పద్ధతి) మామూలు స్కాన్ ముక్కని ఎటు తిప్పాలో చెప్పదు. తలం వరకు బాగా చెబుతుంది: కాపర్ నుంచి వచ్చే ఎక్స్‌రేలతో 100 ముక్కకి 69.1 డిగ్రీల దగ్గర, 111కి 28.4 దగ్గర, 110కి 47.3 దగ్గర పీక్. 100లో 33 దగ్గర చిన్న పీక్ కనిపిస్తే టెన్షన్ పడకండి, అది కిరణం లోపల రెండుసార్లు వంగడం వల్ల వచ్చేది, వేరే పదార్థం కాదు. వేఫర్‌ని కాస్త వాలుగా కోసి ఉంటే అసలు పీకే తప్పిపోవచ్చు, అప్పుడు ముక్క వంపు సరిచేసి మళ్లీ చూడాలి.

కేఓహెచ్‌తో ఇబ్బందులు లేకపోలేదు. వేడి క్షారం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, గాగుల్స్, గ్లవ్స్ లేకుండా దగ్గరికి వెళ్లొద్దు. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. గాజుని కూడా మెల్లగా తింటుంది, టెఫ్లాన్ బీకర్ వాడండి. పరీక్షించిన చోటు ఇక పనికిరాదు, అందుకే మూల నుంచి అర సెంటీమీటర్ ముక్క విరిచి దానిమీదే చేస్తాను, మిగతాదాని వెనక వైపు 110 దిశకి బాణం గుర్తు గీసి డబ్బాలో పెడతాను.