కొత్త ఎం.ఎం.ఏ. ప్రమోషన్: పెద్ద పేర్లా, కొత్త ఫార్మాటా, చిన్న హాలా? ఏది మేలు?

ఎం.ఎం.ఏ. అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లే పోటీ. ఇక్కడ ప్రమోషన్ అంటే ఆఫీసులో ఇంక్రిమెంటుతో పాటు వచ్చేది కాదు. ఫైటర్లతో కాంట్రాక్టులు రాసుకుని, జోడీలు కుదిర్చి, హాలు మాట్లాడి, టికెట్లు అమ్మే సంస్థను ఈ రంగంలో అలా పిలుస్తారు. ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద సంస్థ యూఎఫ్‌సీని 2001లో 20 లక్షల డాలర్లకు కొని, 2016లో దాదాపు 400 కోట్ల డాలర్లకు అమ్మారన్న లెక్క చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మధ్యలో వాళ్లు కోట్ల డాలర్లు పోగొట్టుకుని, ఇక వదిలించుకుందామా అనుకున్న రోజులు ఆ లెక్కలో కనిపించవు. 2005లో సొంత డబ్బుతో తీసిన రియాలిటీ షో ఆడింది కాబట్టి గట్టెక్కారు.

ఏ దారిలో వచ్చినా కొత్తవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బాక్సింగ్‌లో ఛాంపియన్ బెల్టు ప్రమోటర్‌ది కాదు, డబ్ల్యూబీసీ లాంటి సంస్థలది. కాబట్టి కొత్త ప్రమోటర్ కూడా నిజమైన టైటిల్ ఫైట్ పెట్టుకోవచ్చు. ఎం.ఎం.ఏ.లో ఎవరి బెల్టు వాళ్లదే. అమెరికాలో బాక్సర్లకు రక్షణగా 2000లో వచ్చిన ముహమ్మద్ అలీ చట్టం ఎం.ఎం.ఏ.కు వర్తించదు. పై స్థాయి ఫైటర్లు పెద్ద సంస్థతో ఎక్స్‌క్లూజివ్ కాంట్రాక్టుల్లో ఉంటారు. మీరు నిన్న చేయించిన బెల్టును ఎవరు లెక్కచేస్తారు?

అందుకే చాలామందికి మొదట తట్టేది పేరున్నవాళ్లను కొనెయ్యడం. అఫ్లిక్షన్ అనే బట్టల కంపెనీ 2008లో అదే చేసింది. జులైలో అనహైమ్‌లో పెట్టిన తొలి షోకి ఫెడోర్ ఎమెల్యానెంకో, టిమ్ సిల్వియా లాంటి పేరుమోసిన హెవీవెయిట్ ఫైటర్లను తెచ్చింది. బయటకు చెప్పిన ఫైటర్ల పారితోషికాలే 30 లక్షల డాలర్లు దాటాయి. సిల్వియా ఒక్కడికే 8 లక్షలు. ఆ మెయిన్ ఈవెంట్ 36 సెకన్లలో ముగిసింది. పైగా అదే రాత్రి యూఎఫ్‌సీ తన షోను పే-పర్-వ్యూ (షోకి విడిగా డబ్బు కట్టి చూసే పద్ధతి) లేకుండా మామూలు కేబుల్ చానెల్లో చూపించింది. ఇంట్లో ఊరికే దొరుకుతుంటే డబ్బు కట్టి చూసేదెవరు? 2009లో మూడో షోకి పది రోజుల ముందు అందులో ఫెడోర్‌తో తలపడాల్సిన జాష్ బార్నెట్ డోపింగ్ పరీక్షలో దొరికిపోయాడు. షో రద్దయింది, ప్రమోషన్ కూడా మూతపడింది.

ఎలైట్‌ఎక్స్‌సీ అనే మరో ప్రమోషన్ కథ ఇంకా చేదు. దాని బలమంతా ఇంటర్నెట్ వీధి పోట్లాటల వీడియోలతో పేరొచ్చిన కింబో స్లైస్. సీబీఎస్ లాంటి పెద్ద చానెల్ కూడా చేతికొచ్చింది. 2008 అక్టోబర్ 4న కింబోతో తలపడాల్సిన కెన్ షామ్రాక్‌కు పోటీ రోజే కంటి పైన గాయమైంది. ఆ రాత్రి పోటీల జాబితాలో కింద ఎక్కడో ఉన్న సెత్ పెట్రుజెల్లిని అప్పటికప్పుడు పైకి తెచ్చారు. 14 సెకన్లలో కింబో పని అయిపోయింది. అప్పటికే నష్టాల్లో మునిగి ఉన్న కంపెనీ అదే నెలలో మూతపడింది. ఓడిపోవడం కింబో తప్పేమీ కాదు, ఆటన్నాక ఓడిపోతారు. ఒక్క మనిషి ఓడితే కూలిపోయేలా కంపెనీ కట్టడమే తప్పు.

రెండో దారి ఫార్మాట్ మార్చడం. దీనిపై నాకు ఓపిక తక్కువని ముందే చెప్పేస్తున్నా. 2008లో వచ్చిన యామా పిట్ ఫైటింగ్‌లో అంచులు పైకి వాలిన గుంటలాంటి వేదిక కట్టారు. యూఎఫ్‌సీ పాత యజమాని బాబ్ మేరోవిట్జ్ ఆలోచన అది. ఒక్క షోతోనే సరి. ఐఎఫ్‌ఎల్ అనే సంస్థ 2006లో జట్ల పద్ధతి తెచ్చింది. బాస్ రూటెన్, రెంజో గ్రేసీ లాంటి పేరున్న ఫైటర్లు కోచ్‌లు, జట్లకు పేర్లు, జెర్సీలు, స్టాక్ మార్కెట్లో షేర్లు కూడా. రెండేళ్లకే దివాలా. ఈ ఆటలో అభిమాని మనిషి వెంట వెళ్తాడు, జెర్సీ వెంట కాదు. పీఎఫ్‌ఎల్ అనే ప్రమోషన్ 2018 నుంచి లీగ్‌లా సీజన్ పద్ధతిలో, ఒక్కో వెయిట్ క్లాస్ విజేతకు 10 లక్షల డాలర్లిస్తూ నిలబడింది, 2023లో పోటీ సంస్థ బెల్లటార్‌ను కూడా కొనేసింది. కానీ దాన్ని నిలబెట్టింది వెనకున్న పెట్టుబడిదారుల జేబులని నా అనుమానం. 2025కి సీజన్ వదిలేసి నాకౌట్ టోర్నమెంట్లకు మారింది.

మూడోది ఎవరూ గొప్పగా చెప్పుకోని దారి. చిన్న హాలు, చుట్టుపక్కల జిమ్‌ల కుర్రాళ్లు. వాళ్లకోసం టికెట్ కొనేది బంధువులు, స్నేహితులు, జిమ్‌లో తోటివాళ్లు. ఒకడికి గాయమైనా, ఒప్పుకున్న బరువుకు తగ్గలేకపోయినా, పక్క జిమ్ నుంచి ఇంకొకడిని పిలవొచ్చు. పోటీలకు అనుమతిచ్చే కమిషన్ లైసెన్సు, డాక్టర్లు, అంబులెన్సు, ఇన్సూరెన్సు ఖర్చులు ఎలాగూ తప్పవు గానీ, ఒక షో పోతే మరో షో పెట్టుకునే డబ్బు మిగులుతుంది. పోలండ్‌లో కేఎస్‌డబ్ల్యూ 2004లో వార్సాలోని ఒక హోటల్లో మొదలైంది. బలప్రదర్శన పోటీల్లో దేశమంతా పేరున్న మారియుష్ పుడ్జియానోవ్‌స్కీని తెచ్చుకున్నది ఐదేళ్ల తర్వాతే. 2017లో జాతీయ స్టేడియంలో షో పెడితే 57 వేలమందికి పైగా వచ్చారు. స్ట్రైక్‌ఫోర్స్ 2006లో శాన్ హోసేలో తొలి ఎం.ఎం.ఏ. షోకే 18 వేలమందిని రప్పించింది. దాన్ని పెట్టిన స్కాట్ కోకర్ అంతకు ముందు ఏళ్ల తరబడి అక్కడే కిక్‌బాక్సింగ్ షోలు నడిపాడు, ఎవరి పేరు చెబితే టికెట్ తెగుతుందో అతనికి తెలుసు.

ఈ దారికీ నొప్పి ఉంది. పెంచినవాడు వెళ్లిపోతాడు. తర్వాత ప్రపంచమంతా పేరొచ్చిన కానర్ మెక్‌గ్రెగర్ 2012లో కేజ్ వారియర్స్ అనే చిన్న ప్రమోషన్‌లో రెండు బెల్టులు గెలిచి, మరుసటి ఏడు యూఎఫ్‌సీలో ఉన్నాడు. ఆడవాళ్ల పోటీలతోనే 2012లో మొదలైన ఇన్విక్టా నుంచి ఏకంగా 11 మంది స్ట్రావెయిట్ (తక్కువ బరువు విభాగం) ఫైటర్లను యూఎఫ్‌సీ తీసుకుపోయింది. అయినా రెండు సంస్థలూ ఆ దెబ్బకు మూతపడలేదు. పెద్ద పేర్లు కొన్నవాళ్లలో ఎంతమంది ఆ మాట చెప్పగలరు?

నన్నడిగితే మూడోదే. టీవీ ఒప్పందం చేతిలో ఉంటే పెద్ద పేర్లతో మొదలుపెట్టొచ్చు కదా అంటారు కొందరు. ఎలైట్‌ఎక్స్‌సీకి సీబీఎస్ ఉండనే ఉంది. కాంట్రాక్టులో మాత్రం రెండు విషయాలు చూసుకోవాలి. పెద్ద సంస్థ పిలిస్తే ఫైటర్ వెళ్లిపోవచ్చని ముందే రాసివ్వాలి, మంచి కుర్రాళ్లు మీ దగ్గరకు వచ్చేది ఆ మాట కోసమే. వీడియో హక్కులు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. వాడికి పేరొచ్చిన రోజున వాడి మొదటి పోటీలు చూడాలంటే అందరూ మీ దగ్గరకే రావాలి.