పంది కూర: కుక్కర్‌లోనా, కట్టెల పొయ్యి మీదా? ఏది మేలు?

ముందే చెప్పేస్తున్నా, కుక్కర్ మీద నాకేం కోపం లేదు. కోపమంతా ముక్కలు, కారం, మసాలా, నీళ్లు అన్నీ ఒకేసారి పోసి మూత బిగించేసేవాళ్ల మీద. మూడేళ్లు ఆ పని నేనూ చేశాను కాబట్టి ఆ కోపంలో పెద్ద వాటా నాకే.

అనంతపురంలో అద్దె ఇల్లు, ఆదివారం పొద్దున్నే కిలో తోలు ముక్క తెచ్చుకోవడం, రెండు ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డ ముద్ద, నాలుగు చెంచాల కారం, రెండు గ్లాసుల నీళ్లు, ఎనిమిది విజిల్లు. అదే నా వంట. మూత తీస్తే పైన వేలెడు మందాన ఎర్రటి కొవ్వు తేలుతూ ఉండేది. గరిటెతో పక్కకు తోస్తే కింద పలచటి నీళ్లు, ఆ నీళ్లలో ముక్కలు అప్పుడే తానం చేసి లేచినట్టు పాలిపోయి ఉండేవి. ముందు వడ్డించుకున్నవాడికి కళ్లలో నీళ్లు, ఆఖర్న వడ్డించుకున్నవాడు "కారం వేసినావా లేదా రా?" అని అడగడం. రెండూ ఒకే గిన్నెలోంచి!

దీనికి కారణం చాలా రోజులకు గానీ తెలియలేదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఎర్ర రంగు కూడా అంతే. పంది కూరలో కొవ్వుకు కొదవ లేదు కాబట్టి వేసిన కారమంతా కొవ్వునే పట్టుకుని పైకి తేలుతుంది, ముక్కేమో కింద ఉత్త నీళ్లలో ఉడుకుతుంది. కోడి కూర కుక్కర్‌లో పెట్టినా ఇంత తేడా కనపడదు, పందితోనే ఈ పేచీ.

ఇక కట్టెల పొయ్యి. మా ఊళ్లో పంది కూర వంటింట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. పెరట్లో మూడు రాళ్లు, కంది కట్టె, దానికోసమే విడిగా పెట్టిన ఒక పాత దబర. మా అవ్వ మొదట ముక్కల్లో పసుపు, ఉప్పు తప్ప ఏమీ వేసేది కాదు, చుక్క నీళ్లు కూడా పోసేది కాదు. ముక్కలే నీళ్లు వదిలేవి, ఆ నీళ్లలోనే కాసేపు ఉడికేవి, తర్వాత నీళ్లు ఇగిరిపోయి కొవ్వు కరిగి మిగిలేది. అప్పుడు చప్పుడు మారుతుంది. అంతసేపూ గుబగుబమని ఉన్నది చిటపటమంటుంది. ఆ చిటపట వినిపించాకే ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డ, ఆ తర్వాత కారం. ఉడికిందా లేదా అని ఎవరైనా అడిగితే ఒక ముక్క గరిటె మీదికి తీసి తోలును గోటితో గిల్లి చూసేది. గోరు దిగితే అయినట్టు, దిగకపోతే ఇంకో చెంబు వేడినీళ్లు. మొత్తం గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు పట్టేది. పిల్లలం ఆకలికి వట్టి సంగటి ముద్ద తినేసి, కూర వచ్చేసరికి నిద్రపోయిన రోజులు కూడా ఉన్నాయి.

రుచిలో ఆ దబర కూరకు కుక్కర్ కూర సాటి రాదు, ఇందులో నాకు అనుమానం లేదు. నీళ్లు ఉన్నంతసేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. నీళ్లు ఇగిరి కొవ్వు మిగిలాకే ఇంకా పైకి పోతుంది, 140 దాటితే ముక్క అంచులు ఎర్రగా కాలడం, వేపుడు వాసన రావడం మొదలవుతాయి. కుక్కర్‌లో మామూలుగా వెయిట్ లేచే ఒత్తిడి దగ్గర లోపలి వేడి 120 దాకా పోతుంది, కానీ అదంతా తడి వేడి. ఎన్ని విజిల్లు వేయించినా ముక్క కాలదు, ఉడుకుతుంది, అంతే. పైగా ప్రతి విజిల్‌కూ లవంగం, చెక్క, ధనియాల వాసన కొంత ఆవిరితో బయటికి పోతుంది. వీధి మలుపు దాకా మసాలా గుబాళిస్తోందని మనం మురిసిపోతాం గానీ ఆ వాసన కూరలో ఉండాల్సింది కదా!

అయితే కుక్కర్ గెలిచే చోటు ఒకటుంది, తోలు. పంది తోలులోనూ కండల మధ్య పొరల్లోనూ ఉండే కొలాజెన్ తడి వేడికి మెల్లగా జెలటిన్‌గా మారితేనే ఆ జిగురు, ఆ మెత్తదనం వస్తాయి. మామూలు గిన్నెలో దానికి గంటన్నర పడితే కుక్కర్‌లో పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. పొగరేగే పొయ్యి ఊదుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంది, సిలిండర్ మీద రెండు గంటలు సిమ్‌లో పెడితే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఆదివారం పది గంటలకు లేచేవాడికి కట్టెల పొయ్యి గురించి పాఠం చెప్పడం నాకు నచ్చదు.

కాబట్టి ముందు చూసుకోవాల్సింది ఏ ముక్క తెచ్చుకున్నామన్నది. తోలు, కొవ్వు, కండ మూడు పొరలూ ఉన్న పొట్ట ముక్కయితే కుక్కర్ మేలు. వట్టి తొడ కండయితే కుక్కర్ జోలికి పోవద్దు, అందులో కరగడానికి కొవ్వూ లేదు, జిగురూ లేదు, నాలుగు విజిల్లకే పీచు పీచుగా విడిపోయి పళ్లలో ఇరుక్కుంటుంది. దాన్ని చిన్న ముక్కలు కోసుకుని బాండలిలో వేపుడు చేసుకోవడమే. నాటు పంది, ఫారం పంది తేడా కూడా ఉంది. ఫారం పంది చిన్న వయసుదే కోస్తారు కాబట్టి త్వరగా మెత్తబడుతుంది, తిరిగి మేసిన నాటుదానికి దాదాపు రెట్టింపు టైమ్ పడుతుంది.

పోయిన చలికాలం ఒక ఆదివారం కిలోన్నర పొట్ట ముక్క తెచ్చి రెండు వాటాలు చేశా. ఒకటి ముందు ఉడకబెట్టి తర్వాత వేయించేది, ఇంకొకటి ముందు వేయించి తర్వాత ఉడకబెట్టేది. చాలామంది మొదటి పద్ధతే చెబుతారు, నాలుగు విజిల్లు పెట్టి తీసి తాలింపులో వేయమని. అలా చేస్తే మెత్తబడిన ముక్కలు బాండలిలో గరిటె తగలగానే విరిగిపోయాయి, తోలు అడుగంటి జిగురులా పట్టుకుంది, నూనెలో మిగిలిన తడి చిమ్మి నా ముంజేతి మీద రెండు బొబ్బలు. రెండో వాటా ముందు కుక్కర్ గిన్నెలోనే మూత లేకుండా వేయించా, మా అవ్వలాగే పసుపు ఉప్పుతో, చిటపట వచ్చేదాకా. అంచులు గట్టిపడ్డాయి కాబట్టి తర్వాత ఉడికినా ముక్క ఆకారం పోలేదు. మా బావ రెండూ తిని, "ఇది కూర, అది ముక్కల పులుసు" అని తేల్చేశాడు. ఆయనకు తిండి విషయంలో మొహమాటం ఉండదు.

ఇప్పుడు నేను చేసేది ఇలా. కిలో ముక్కలు మూత లేకుండా ఇరవై నిమిషాలు వాటి నీళ్లలోనే ఉడికి, వాటి కొవ్వులోనే వేగాలి. విడిగా నూనె పోయను. కరిగిన కొవ్వు మరీ ఎక్కువైతే రెండు గరిటెలు చిన్న గిన్నెలోకి తీసి పెడతా. అల్లం తెల్లగడ్డ, తరిగిన ఎర్రగడ్డలు, ఒక చెంచా కారం మాత్రమే వేసి తిప్పి, ముక్కలు సగం మునిగేదాకా వేడినీళ్లు పోసి మూత పెడతా. అడుగు గీకి నీళ్లు కలపడం మర్చిపోవద్దు, చిక్కటి మసాలా అడుగున అంటుకుని ఉంటే ఒత్తిడి రాకముందే మాడుతుంది, మాడు వాసన కుక్కర్‌లోంచి వదలదు. మొదటి విజిల్ పెద్ద మంట మీద, ఆ తర్వాత సిమ్‌లో పన్నెండు నిమిషాలు, నాటు పందయితే ఇరవై. విజిల్లు లెక్కపెట్టడం నేను మానేశాను, మంట పెద్దదైతే ఐదు నిమిషాలకే నాలుగు వస్తాయి, చిన్నదైతే ఒక్కటీ రాదు, మరి "ఐదు విజిల్లు" అన్నమాటకు అర్థమేముంది? ఆవిరి దానంతటది దిగాలి. తొందరకు మూత మీద చన్నీళ్లు పోస్తే లోపల ఒక్కసారిగా తెర్లి కొవ్వూ నీళ్లూ కలిసిపోయి పులుసు మసకమసకగా అవుతుంది.

మూత తీశాకే అసలు కారం. పక్కన బాండలిలో ఆ తీసిపెట్టిన కొవ్వు వేడి చేసి, తియ్యకుంటే కుక్కర్ పైనుంచే రెండు గరిటెలు తేర్చి తీసుకుని, కరివేపాకు, మూడు చెంచాల కారం సన్న మంట మీద నిమిషం కన్నా తక్కువసేపు తిప్పాలి, మాడితే చేదు. మంటకు గుంటూరు మిరప, రంగుకు బ్యాడిగి, సగం సగం. బ్యాడిగి మనకు పక్కనే కర్ణాటక నుంచి వస్తుంది కాబట్టి మన జిల్లాలో దొరకడం కష్టం కాదు. దాంట్లోకి ముక్కలు వేసి తిప్పి, వేయించిన ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాల పొడి, పులుసు చిక్కబడడానికి రెండు చెంచాల పప్పుల పొడి, ఆఖర్న కుక్కర్‌లో మిగిలిన నీళ్లు. పావుగంట మూత లేకుండా కుతకుతమంటే నూనె అంచులకు చేరుతుంది. ముక్క కొరికితే కారం లోపలికి దిగి ఉంటుంది, కొవ్వుతో కలిసి పట్టుకుంది కాబట్టి.

పులుపు సంగతి. కర్ణాటకలోని కొడగు (కూర్గ్) వాళ్లు పంది కూరలో కాచంపులి పోస్తారు, నల్లటి చిక్కటి పులుపు, బెంగళూరు నుంచి వచ్చే మా దోస్తు ఒక సీసా తెచ్చిస్తాడు. కొవ్వుకు పులుపు బాగా పడుతుంది, నిజమే, కానీ సంగటిలోకి నాకది అలవాటు కాలేదు. చింతపండు వేసేవాళ్లు కూడా మూత తీశాకే వేయండి, మామూలు అల్యూమినియం కుక్కర్‌లో పులుపు ఎక్కువసేపు మరిగితే లోహపు రుచి దిగుతుంది.

ఇంకో మాట వింటుంటాను, కుక్కర్‌లో వండితేనే పురుగులు చస్తాయి, గిన్నెలో వండితే మెదడుకెక్కుతాయి అని. ముక్క లోపల 63 డిగ్రీలకు చేరి మూడు నిమిషాలు నిలిస్తే చాలు, తెర్లే ఏ కూరైనా దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. సగం ఉడికిన పంది మాంసంతో వచ్చేది పేగుల్లో బద్దెపురుగు. మెదడులో తిత్తులు వచ్చేది ఆ పురుగు గుడ్లు కడుపులోకి పోతే, అంటే మనిషి మలం కలిసిన నీళ్లు, కడగని పచ్చి కూరాకు, కడగని చేతులు. ఆ రోగం పంది తిననివాళ్లకూ వస్తుంది. మాంసంలో బియ్యపు గింజల్లా తెల్లటి పొక్కులు కనపడితే మాత్రం కొనకండి.

కుక్కర్‌ను మూడింట రెండు వంతుల కన్నా నింపొద్దు. పందితో అయితే నేను సగం దగ్గరే ఆపుతా, కొవ్వు నురగతో పాటు మిరప తొక్క పైకెక్కి వెయిట్ కింది రంధ్రంలో ఇరుక్కుంటుంది. ఒకసారి విజిల్ ఎంతకీ రాకపోతే పొయ్యి ఆర్పి, చల్లారాక చూస్తే రంధ్రానికి అడ్డంగా ఒక కరివేపాకు. అప్పటినుంచి కడిగిన ప్రతిసారీ ఆ రంధ్రంలోంచి వెలుతురు కనపడుతుందో లేదో పైకెత్తి చూస్తున్నా. రబ్బరు అయితే ఎంత తోమినా వాసన వదలదు, ఒక సోమవారం పప్పులో ఆ వాసన వచ్చి మా అమ్మ పళ్లెం పక్కకు జరిపేసింది. ఇప్పుడు వంటింటి మేకుకు రెండు రబ్బర్లు వేలాడుతుంటాయి, పందికి వాడేదానికి ఎర్ర దారం కట్టి ఉంటుంది.