బెజవాడ వేడిలో ఎనిమిదేళ్లు: బూరుగు దూది పరుపు, మా పడకగది

విజయవాడలో మా ఇల్లు రెండో అంతస్తులో ఉంది. పైన ఇంకో ఇల్లు లేదు, ఎండకు కాగే డాబా ఒక్కటే ఉంది. ఆ ఇంటి పడకగదిలో 2017 ఫిబ్రవరి నుంచి నేను బూరుగు దూది పరుపు మీద, పక్కనే మావారు కొబ్బరి పీచు పరుపు మీద పడుకుంటున్నాం. ఈ ఎనిమిదేళ్లలో దూది పరుపును రెండుసార్లు విప్పి ఏకించాం (అంటే అణగిన దూదిని విడదీసి మళ్లీ పొంగించడం), మంచం చోటు మూడుసార్లు మార్చాం, దుప్పట్లు, దిండ్లు, తెరల విషయంలో పొరపాట్లు చేసి దిద్దుకున్నాం. కోస్తా ఉక్కపోతలో రాత్రంతా ఏసీ మీద ఆధారపడకుండా నిద్రపోవాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఈ అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

అంతకుముందు మూడేళ్లు మేము వాడింది పది అంగుళాల మెమరీ ఫోమ్ పరుపు. దుకాణంలో ఏసీ చల్లదనంలో దాని మీద ఐదు నిమిషాలు పడుకొని చూసి, నడుముకు హాయిగా ఉందని 2014 ఫిబ్రవరిలో కొన్నాం. మే నెల వచ్చేసరికి అది మేము కొన్న పరుపేనా అనిపించింది. 1966లో నాసా కోసం, విమానాల సీట్లలో దెబ్బను తట్టుకోవడానికి తయారైన ఈ పదార్థం వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. ఒంటి వేడికి కొద్దికొద్దిగా మెత్తబడి ఒంటి తీరుకు ఒదగడమే దాని గొప్పదనం. అయితే గదిలోనే ముప్పై నాలుగు డిగ్రీల వేడి ఉన్నప్పుడు పరుపు మొత్తం ముందే మెత్తబడి ఉంటుంది కాబట్టి, మనిషి మరీ లోతుగా దిగబడిపోయి, నడుముకు, తొడలకు ఇరువైపులా ఫోమ్ అంటుకొని, గాలి ఆడే సందు లేకుండా పోతుంది. మనం నిద్రలోకి జారేటప్పుడు శరీరం లోపలి ఉష్ణోగ్రత ఇంచుమించు ఒక డిగ్రీ దాకా తగ్గుతుందని, ఆ వేడి చర్మం నుంచి బయటికి పోవలసిందేనని తర్వాత చదివాక, రాత్రి రెండు గంటలకు వీపంతా తడిసి లేచి నేల మీద చాప పరుచుకోవడానికి కారణం నాకు అర్థమైంది. ఆ పరుపును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయికి దాన్ని ఇచ్చేశాం. ఏసీ ఇరవై అయిదు దగ్గర పెట్టుకొని పడుకునే అతను అది చాలా బాగుందనే అంటాడు.

"బూరుగు దూది పరుపు కుట్టించుకో అమ్మాయ్, ఎండేసి దులుపుకుంటే ఏటికేడు కొత్తదానిలా ఉంటుంది" అని మా అత్తగారు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. మా చిన్నప్పుడు దూది ఏకేవాళ్లు పెద్ద విల్లు భుజాన వేసుకొని, నారి మోగిస్తూ వీధుల్లోకి వచ్చేవారు. ఇప్పుడు ఆ పని యంత్రం మీద, పరుపుల దుకాణం వెనక గదిలో జరుగుతుంది. అక్కడే కూర్చొని, మన కళ్లెదుట ఏకి నింపేదాకా కదలకూడదని నా గట్టి సలహా. ఎందుకంటే బూరుగు దూదిలో పాత పత్తి దూదినీ, మిల్లు వ్యర్థాలనూ కలిపి నింపడం ఈ వ్యాపారంలో ఉన్నదే. తేడా కనిపెట్టడానికి వత్తులు చేసే అలవాటున్న ఏ ఇల్లాలికైనా ఒక్క నిమిషం చాలు. చిటికెడు దూది తీసుకొని దీపం వత్తికి పేనినట్టు వేళ్ల మధ్య పేనితే, పత్తి దూది వెంటనే మెలి తిరిగి పోగవుతుంది, బూరుగు దూది మాత్రం పట్టులా జారిపోయి విడివిడిగానే ఉంటుంది. దానికి లేత మెరుపు ఉంటుంది, గుప్పెట్లో నొక్కి వదిలితే మళ్లీ పొంగుతుంది. మేము మొదట వెళ్లిన దుకాణంలో ఈ పరీక్షకు దూది నిలవలేదు. రెండో చోట నిలిచింది. 75×36 అంగుళాల కొలతకు, నాలుగు అంగుళాల మందానికి పన్నెండు కిలోల దూది పట్టింది. దూది పరుపు, కొబ్బరి పీచు పరుపు రెండూ కలిపినా, ఫోమ్ పరుపుకు పెట్టిన డబ్బులో సగం కాలేదు.

పడుకున్నప్పుడు ఎలా ఉంటుందో చెప్పాలి. మొదటి నెల పరుపు బాగా పొంగి, గుండ్రంగా, కాస్త అస్థిరంగా అనిపించింది. పక్కకు తిరిగినప్పుడు జారుతున్నట్టు ఉండేది. రెండో నెల నుంచి అణగి, నాలుగు అంగుళాలున్నది మూడున్నరకు దిగి, చదునుగా నిలిచింది. ఇక చల్లదనం సంగతి. బూరుగు పీచు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నని మైనపు పూత ఉంటుంది. ఆ కారణంగా అది నీటిని పీల్చుకోదు, నీటి మీద తేలుతుంది. ఒకప్పుడు పడవల్లో వేసుకునే లైఫ్ జాకెట్లలో నింపింది దీన్నే. పరుపుకు వచ్చేసరికి ఈ గుణం వల్ల చెమట పైనున్న నూలు దుప్పటిలో, పరుపు గుడ్డలోనే ఆగి, ఫ్యాను గాలికి తెల్లవారేలోపు ఆరిపోతుంది. మే నెలలో కూడా వీపు కింద ఎండుగానే ఉంటుంది. వేడి లేదని అనను, ఆ నెలలో గదిలో ఉన్న వేడి పరుపులోనూ ఉంటుంది. అయితే ఒంటి వేడిని పట్టి ఉంచి మనకే తిరిగి ఇవ్వదు. తేడా అంతా అక్కడే ఉంది.

లోపాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవేమీ కావు. ఏడాదిన్నర గడిచేసరికి నడుము ఆనే చోట గుంట పడుతుంది. నెలకోసారి తలవైపు కాళ్లవైపుకు, కింది ముఖం పైకి తిప్పితే ఆ గుంట ఆలస్యం అవుతుంది గాని ఆగదు. మేము 2020లో, 2023లో విప్పి ఏకించాం. మొదటిసారి కుట్టించినప్పుడు టాకాలు, అంటే దూదిని కదలకుండా పట్టి ఉంచే కుట్లు, దూరం దూరంగా వేయించడం మా తప్పు. దూది ఒక మూలకు చేరి ఉండలు కట్టింది. 2020లో ఆరేసి అంగుళాలకు ఒక టాకా వేయించాక ఉండల బాధ చాలావరకు పోయింది. ఏకించే రోజున ఎగిరే సన్నని నూగు ముక్కుకు, గొంతుకు పడదు. ఉబ్బసం ఉన్నవారు ఆ దుకాణం దరిదాపులకు కూడా వెళ్లకూడదు, ఇంట్లో అలాంటివారు ఉంటే ఈ పరుపు గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం నిప్పు. బూరుగు దూది చాలా త్వరగా అంటుకుంటుంది. మంచం కింద దోమల చుట్ట వెలిగించి పెట్టే అలవాటును మేము పరుపు వచ్చిన రోజే మానేశాం, పడకగదిలో అగరువత్తి కూడా వెలిగించం.

వానాకాలం ఈ పరుపుకు గడ్డుకాలం. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి డాబా మీద ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఎండబెట్టి, బెత్తంతో రెండు వైపులా దులిపితే దూది తిరిగి పొంగుతుంది. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా అది కుదరదు. శ్రావణ భాద్రపదాల్లో పరుపు గుడ్డకు ముక్కవాసన పట్టిన సంవత్సరాలున్నాయి. ఇప్పుడు పగలు పరుపును గోడకు ఆనకుండా రెండు కుర్చీల మధ్య నిలబెట్టి, గంటసేపు ఫ్యాను వేస్తున్నాం. వాసన తగ్గింది, పూర్తిగా పోలేదు.

మావారికి నడుము నొప్పి ఉంది. ఆయనకు మెత్తటి పరుపు పడదు. ఆయన వైపు అదే కొలతలో, నాలుగు అంగుళాల కొబ్బరి పీచు పరుపు వేశాం. పీచుకు రబ్బరు పాలు పట్టించి గట్టిపరిచిన ఈ పరుపు ఎనిమిదేళ్లలో అర అంగుళం కూడా అణగలేదు. దాన్ని మాత్రం మండే ఎండలో వేయకూడదు. రబ్బరు పెళుసుబారి పీచు పొడిపొడిగా రాలుతుంది. నీడలో గాలికి ఆరబెట్టడమే దానికి సరిపోతుంది. ఒకే మంచం మీద రెండు వేరు వేరు పరుపులు వేయడం ఇంత సుఖమని ముందే తెలిస్తే, నిజానికి మా పెళ్లయిన కొత్తలోనే అలా చేసి ఉండేవాళ్లం. ఒకరు కదిలితే రెండోవారికి తెలియదు, ఎవరి మెత్తదనం వారిది. రెంటి మధ్య సందు ఒక్కటే ఇబ్బంది. రెండు పరుపులనూ కలిపి పైన వరంగల్ జంపఖానా అడ్డంగా పరిచి, అంచులు కిందికి మడిచి, దాని మీద దుప్పటి వేస్తే సందు తెలియడం లేదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ జంపఖానాలు ముతక నూలువి కావడంతో దుప్పటిని జారనివ్వవు.

ఎత్తు గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. పద్దెనిమిది అంగుళాల మంచం మీద పది అంగుళాల ఫోమ్ పరుపు వేసినప్పుడు, ఎనభై దాటిన మా అత్తగారు మా గదిలో కాసేపు నడుం వాల్చాలన్నా పీట కావలసి వచ్చేది. మంచం కోళ్లను వడ్రంగి చేత రెండు అంగుళాలు కోయించాం. ఇప్పుడు నేల నుంచి పరుపు పైభాగం దాకా ఇరవై అంగుళాల లోపే ఉంది. అంచున కూర్చుంటే ఆవిడ పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయి. పెద్దవారున్న ఇళ్లలో పరుపు మెత్తదనం కంటే ముందు ఈ కొలత చూడాలి.

అయినా, పరుపు మార్చడం కంటే ఎక్కువ మేలు చేసింది మంచాన్ని పడమటి గోడ నుంచి జరపడం. మధ్యాహ్నం మూడు గంటల ఎండకు కాగిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో వేడి లోపలి ముఖానికి చేరడానికి చాలా గంటలు పడుతుంది. మనం పడుకునే వేళకే ఆ గోడ వేడిని గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. మంచం తలవైపు ఆ గోడకే ఆనించి ఉన్న రోజుల్లో రాత్రి పదకొండుకు అరచేయి పెట్టి చూస్తే గోడ జ్వరం వచ్చిన నుదురులా ఉండేది. మొదట దక్షిణపు గోడకు జరిపాం, అక్కడ తలుపు తగులుతోందని గది మధ్యకు లాగాం, చివరకు తూర్పు గోడ నుంచి తొమ్మిది అంగుళాలు ఎడం ఉంచి, తల తూర్పుకు వచ్చేలా వేశాం. ఉత్తరానికి తల పెట్టరాదన్న పెద్దల మాటకు కూడా ఇది సరిపోయింది గాని, మేము ఎంచుకున్నది వేడిని చూసే. పడమటి గోడకు బట్టల బీరువాలు రెండూ చేర్చాం. అవి గోడకూ మాకూ మధ్య అడ్డుగా నిలిచాయి. మంచం కింద పెట్టెలు, పాత పుస్తకాలు అన్నీ తీసేశాం. కింద ఖాళీ ఉంటే, చెక్క పలకల సందుల నుంచి గాలి పరుపు అడుగుకు తగులుతుంది. అదివరకు వేసిన ప్లైవుడ్ షీటు అడుగున తేమ చేరి నల్లటి మచ్చలు పడ్డాయని తీసినప్పుడే చూశాం.

ఏసీ లేదని కాదు. ఇరవై ఏడు దగ్గర పెట్టి, ఫ్యాను చిన్నగా తిప్పుతూ పడుకునే ముందు గంటసేపు వేస్తాం, ఆపేశాక ఉత్తరపు కిటికీ తెరుస్తాం. 2020 నుంచి కొత్త ఏసీలు ఇరవై నాలుగు దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి. బూరుగు దూది మీద పడుకునేవారికి ఇరవై నాలుగు అక్కర్లేదని నా అనుభవం.

దుప్పట్ల విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. పలుచని, పూర్తి నూలు దుప్పట్లే వాడండి. మైక్రోఫైబర్ పేరుతో వచ్చేది పాలిస్టరే. చేతికి ఎంత మృదువుగా ఉన్నా చెమటను పీల్చదు, దాని కింద ఏ పరుపు ఉన్నా లాభం లేదు. చదరపు అంగుళంలో పోగుల లెక్క రెండు వందల నుంచి మూడు వందల దాకా ఉంటే చాలు. వెయ్యి అని రాసి ఉంటే పేనిన పోగులను విడివిడిగా లెక్కపెట్టారని అర్థం. రెండు పరుపులు కలిపిన మంచానికి 108×108 అంగుళాల దుప్పటి కొంటేనే, ఉతికి కుంచించుకుపోయిన తర్వాత కూడా అంచులు కిందికి మడవడానికి అందుతుంది. వారానికోసారి దుప్పటి, గలీబులు వేడినీళ్లలో ఉతికించడం మొదలుపెట్టాక మావారి పొద్దుటి తుమ్ములు తగ్గాయి. అరవై డిగ్రీల వేడినీటిలో దుమ్ము పురుగులు చచ్చిపోతాయి.

దిండ్లకు మిగిలిన బూరుగు దూదే వాడాం. పక్కకు తిరిగి పడుకునే నాకు చెవికీ భుజానికీ మధ్య ఎడం నిండేంత ఎత్తు కావాలి, వెల్లకిలా పడుకునే ఆయనకు అందులో సగం చాలు. లోపలి సంచికి ఒకవైపు జిప్పు పెట్టించి, గుప్పెడు గుప్పెడుగా తీస్తూ, వేస్తూ వారం రోజుల్లో ఎవరికి కావలసిన ఎత్తు వాళ్లం కుదుర్చుకున్నాం. కొన్న దిండులో ఈ వీలు ఉండదు.

కాలువ దగ్గరలోనే ఉండటంతో దోమతెర తప్పదు. చదరపు అంగుళానికి 156 రంధ్రాల నూలు తెర దోమను ఆపుతుంది గాని గాలిని కూడా కొంత ఆపుతుంది. పాలిస్టరు తెర పోగు సన్నం కాబట్టి అన్నే రంధ్రాలున్నా గాలి నయం. నూలును ఇష్టపడే నేను ఈ ఒక్కచోట పాలిస్టరు వైపు మొగ్గాను. కిటికీకి వేసిన మందపాటి నల్ల తెర వీధి దీపాన్ని బాగానే ఆపింది, దాంతోపాటు ఉత్తరపు గాలినీ ఆపింది. ఇప్పుడు పై సగానికి మందపు తెర, కింది సగానికి పలుచని నూలు తెర ఉన్నాయి. దీపం వెలుగు ముఖం మీద పడదు, గాలి మంచం ఎత్తున నేరుగా వస్తుంది.

2026 ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, దూది పరుపును మూడోసారి విప్పించాలి. ప్రతిసారీ పాత దూదిలో కిలోకు పైగా పొడై పోతోంది. ఈసారి రెండు కిలోల కొత్త దూది కలిపి, నడుము ఆనే మధ్య భాగంలో కాస్త ఎక్కువ నింపించి, పరుపు గుడ్డ కూడా మార్పించబోతున్నాను. మావారి కొబ్బరి పీచు పరుపును ముట్టుకోవలసిన పని ఇంకా రాలేదు.