చైనాకి పండగపూట వెళ్ళాలంటే ఏ పండగ మేలు?

చైనాలో మెడిసిన్ చదివే పిల్లలున్న ఇళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది. "ఒక్కసారి వెళ్ళి చూసొద్దాం. ఎలాగూ వెళ్తున్నాం కదా, పండగ రోజుల్లోనే వెళ్దాం." పండగ అనగానే అందరికీ ముందు తోచేది చైనా కొత్త సంవత్సరమే. నేను మాత్రం దానికి వెళ్ళొద్దనే చెబుతాను.

చున్‌జియే, అంటే వసంత పండగ, వాళ్ళకి అన్నిటికంటే పెద్దది. 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలోకీ ఎక్కింది. కానీ అది ఇంటి లోపలి పండగ. దాని ప్రాణమంతా ముందురోజు రాత్రి భోజనంలో ఉంటుంది. ఎక్కడెక్కడో ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఆ పూటకి అమ్మానాన్నల దగ్గరికి చేరాలని చూస్తారు. పండగకి ముందు 15 రోజులు, తర్వాత 25 రోజులు, మొత్తం 40 రోజుల ఆ ప్రయాణాల రద్దీకి చున్‌యున్ అని పేరే ఉంది. సంక్రాంతి ముందు హైదరాబాద్ బస్టాండ్లు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఉత్తరాదిన ఇంటిల్లిపాదీ కూర్చుని జ్యావ్‌జ చుడతారు. కజ్జికాయలా మడిచి, నూనెలో కాకుండా నీళ్ళలో ఉడికిస్తారు. చేపని మొత్తం తినకుండా కొంత మిగులుస్తారు, ఎందుకంటే వాళ్ళ భాషలో చేపకీ మిగులుకీ పలుకు ఒకటే. పిల్లల చేతుల్లో ఎర్ర కవర్లలో డబ్బు పెడతారు. ఇవన్నీ తలుపు వెనక జరిగేవే. పిలిచి అన్నం పెట్టే ఇల్లుంటే అంతకు మించిన పండగ లేదు. లేకపోతే మీకు కనిపించేవి మూసిన షట్టర్లు, దొరకని రైలు టిక్కెట్లు. పైగా అవి యూనివర్సిటీల చలికాలం సెలవులు, మీ పిల్లలే ఇంటికొచ్చి ఉండే రోజులు. ఆ కాలంలో వెళ్ళక తప్పకపోతే కొత్త సంవత్సరం 15వ రోజున, పౌర్ణమినాడు వచ్చే లాంతర్ల పండగకి వెళ్ళండి. అది వీధుల్లోనే జరుగుతుంది.

వాళ్ళ చాంద్రమాన పంచాంగంలో ఐదో నెల ఐదో రోజున వచ్చే దువాన్‌వు దీనికి పూర్తిగా వేరు. ఏటి గట్టున నిలబడగలిగితే చాలు, మిమ్మల్ని ఎవరూ పిలవక్కర్లేదు. చూ రాజ్యపు మంత్రి, కవి చ్యూ యువాన్ క్రీ.పూ. 278లో రాజధాని శత్రువుల పాలైందని విని మీలువో నదిలో దూకాడని కథ. జనం పడవలేసుకుని వెతికారట, చేపలు ఆయన్ని ముట్టకుండా నీళ్ళలో అన్నం వేశారట. ఆ పడవలే నేటి డ్రాగన్ పడవ పందాలు. ఆ అన్నమే జొంగ్‌జ, వెదురాకులో జిగురుబియ్యం మూటగట్టి ఉడికించేది. పనసాకు బుట్టల్లో పొట్టెక్కలు వండే కోనసీమవాళ్ళకి దాన్ని చూడగానే చుట్టరికం తోస్తుంది. దక్షిణాదిన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు పల్లెల్లో కొన్నిచోట్ల పందెపు పడవని ఏడాదంతా ఏటి బురదలో పాతిపెట్టి, పండగ ముందు తవ్వి తీస్తారు. కర్ర పగలకుండా ఉంటుందని అలా చేస్తారు. నాకు పందెం కంటే ఆ తీయడమే గొప్పగా తోస్తుంది. గుమ్మాలకి కట్టే ఆకు మన వినాయక పత్రిలోని మాచిపత్రి జాతిదే. శాకాహారులు జొంగ్‌జ లోపల ఏముందో అడిగి తినాలి. ఉత్తరాదిన ఎక్కువగా ఖర్జూరం లాంటి పండు పెడతారు, షాంఘై దగ్గరి జ్యాషింగ్ వైపు పంది మాంసం. దక్షిణాదిన జూన్ అంటే ఎండా వానా రెండూ ఉంటాయి.

ఏప్రిల్ 4న గానీ 5న గానీ వచ్చే చింగ్‌మింగ్‌ని ఈ లెక్కలో పెట్టను. పెద్దల సమాధులు శుభ్రం చేసి దణ్ణం పెట్టుకునే రోజది. మనకి మహాలయ పక్షం ఎలాంటిదో వాళ్ళకి అది అలాంటిది. కెమెరా పట్టుకుని వెళ్ళే చోటు కాదు.

ఇక ఎనిమిదో నెల పౌర్ణమి, జోంగ్‌చ్యూ. పిల్లలు అక్కడున్నవాళ్ళు దీనికే వెళ్ళాలంటాను. నిండు చంద్రుడి గుండ్రదనాన్ని వాళ్ళు కుటుంబమంతా ఒకచోట చేరడానికి గుర్తుగా చూస్తారు. ఆ రాత్రి పార్కుల్లో, ఏటి ఒడ్డుల్లో, మేడల మీద జనం చంద్రుణ్ణి చూస్తూ మూన్‌కేక్ ముక్కలు కోసి పంచుకుంటారు. గ్వాంగ్‌డాంగ్ రకంలో తామర గింజల ముద్ద మధ్య ఉప్పు బాతుగుడ్డు పచ్చసొన పెడతారు, సూజో రకం పొరలు పొరలుగా ఉంటుంది. కొన్నిట్లో పంది కొవ్వు వాడతారు, అది కూడా అడగాలి. మీ అబ్బాయితోనో అమ్మాయితోనో ఒక బల్ల మీద కూర్చుని ఒక ముక్క పంచుకుంటే ఆ పండగ చేసుకున్నట్టే. బయటివాళ్ళమన్న తేడా ఉండదు.

2026లో అది సెప్టెంబరు 25న, శుక్రవారం. అక్టోబరు 1న మొదలయ్యే జాతీయ దినోత్సవ సెలవుల్లో దేశమంతా కదులుతుంది, కాబట్టి ఆలోపే తిరుగు టిక్కెట్టు చూసుకోండి. మధ్యలో ఓపికుంటే 28న జజియాంగ్‌లోని హైనింగ్ దగ్గర చ్యన్‌టాంగ్ నదిలోకి సముద్రపు పోటు గోడలా ఎదురెక్కడం చూడొచ్చు.

వెళ్ళలేనివాళ్ళు పండగ రాత్రి మన టైం ఏడున్నరకి వీడియో కాల్ చేయండి. అక్కడ పది అవుతుంది, చంద్రుడు రెండుచోట్లా ఆకాశంలోనే ఉంటాడు.