ఓస్కీ కోసం ఊరూరా: ఏ సెంటర్, ఏ హోటల్, ఏ రైలు

యూకేలో ఉద్యోగం వచ్చి దిగిన నర్సులు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "అక్కా, ఓస్కీకి ఏ సెంటర్ ఈజీ?" ఓస్కీ అంటే బయటి దేశాల్లో చదివిన నర్సులు యూకేలో నర్సుగా నమోదు కావడానికి ఇచ్చే ప్రాక్టికల్ పరీక్ష. యూకే నర్సుల కౌన్సిల్ అయిన ఎన్‌ఎంసీలో రిజిస్ట్రేషన్‌కి ఈ పరీక్ష సెంటర్లు అయిదు. నార్తాంప్టన్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ యూనివర్సిటీ, లీడ్స్, న్యూకాసిల్‌లోని నార్తంబ్రియా యూనివర్సిటీ, ఉత్తర ఐర్లండ్‌లోని అల్‌స్టర్ యూనివర్సిటీ. ఎక్కడ రాసినా పరీక్ష తీరు, మార్కులు వేసే పద్ధతి ఒకటే. కాబట్టి ఏది ఈజీ అనే ప్రశ్న పక్కన పెట్టండి. ఏ ఊరికైతే టెన్షన్ లేకుండా చేరి, రాత్రి కంటినిండా నిద్రపోయి, పొద్దున్నే నెమ్మదిగా లేచి వెళ్లగలరో అదే మీకు మంచి సెంటర్. నేను బర్మింగ్‌హామ్ నుంచి వెళ్లి నార్తాంప్టన్‌లో రాశాను. ఆ తర్వాత మా వార్డు చెల్లెళ్లకు తోడుగా ఆక్స్‌ఫర్డ్, లీడ్స్, న్యూకాసిల్ కూడా వెళ్లాను. ఆ నాలుగు ఊళ్లు చూశాక చెప్తున్న మాటలివి.

బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి నార్తాంప్టన్‌కి నేరుగా రైలుంది, గంట ప్రయాణం. లండన్ యూస్టన్ నుంచి వచ్చేవాళ్లకీ దాదాపు అంతే. ఊరు పెద్దది కాదు, హడావిడి తక్కువ. హోటల్ రేట్లు ఆక్స్‌ఫర్డ్‌తో పోలిస్తే చాలా నయం. ఒక్క జూలై నెలలో మాత్రం జాగ్రత్త. సిల్వర్‌స్టోన్ రేస్ ట్రాక్ ఆ దగ్గర్లోనే ఉంది. గ్రాండ్ ప్రీ వారంలో గదులు దొరకవు, దొరికినా రేటు చూస్తే గుండె ఆగుతుంది. నేను స్టేషన్‌కి దగ్గర్లో ఒక మామూలు చెయిన్ హోటల్‌లో దిగాను. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, కెటిల్ ఉంది, కిటికీ వెనక సందు వైపు ఉండడంతో చప్పుడు లేదు. రిసెప్షన్‌లో అడిగితే ఇస్త్రీ పెట్టె ఇచ్చారు. పరీక్షకి యూనిఫామ్‌లోనే వెళ్తాం కాబట్టి గది బుక్ చేసే ముందే ఇస్త్రీ పెట్టె సంగతి అడిగి పెట్టుకోండి.

ఆక్స్‌ఫర్డ్ అందమైన ఊరు, అందులో అనుమానం లేదు. కానీ పరీక్ష కోసం వెళ్లేవాళ్లకి ఆ అందం ఖరీదు ఎక్కువ. టూరిస్టులు, యూనివర్సిటీ పట్టాల పండుగలు, కాన్ఫరెన్సులు, ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. మా చెల్లి డబ్బు ఆదా చేద్దామని ఒకరి ఇంట్లో గది తీసుకుంది. ఫొటోల్లో బాగుంది. తీరా వెళ్తే తాళం ఇవ్వాల్సిన మనిషి ఫోన్ ఎత్తలేదు, చలిలో గుమ్మం దగ్గర నిలబడ్డాం. గదిలోకి వెళ్లేసరికి బాగా పొద్దుపోయింది. పరీక్ష ముందు రాత్రి మాత్రం ఎంత రాత్రయినా రిసెప్షన్‌లో మనిషి ఉండే హోటల్ తీసుకోమని అందుకే అందరికీ చెప్తాను. మిగతా యాత్రలన్నిట్లో పొదుపు చేయండి, ఈ ఒక్క రాత్రికి వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి పోస్ట్‌కోడ్. యూనివర్సిటీ పేరు చూసి హోటల్ బుక్ చేయకూడదు. బ్రూక్స్ ముఖ్య క్యాంపస్ స్టేషన్ పక్కన ఉండదు, హెడింగ్‌టన్ కొండ మీద ఉంటుంది. నార్తంబ్రియాకి సిటీ క్యాంపస్ ఒకటి, ఊరికి దూరంగా కోచ్ లేన్ క్యాంపస్ ఇంకొకటి. అల్‌స్టర్‌కైతే బెల్‌ఫాస్ట్, కోల్‌రేన్, డెర్రీ అని వేరువేరు ఊళ్లలోనే క్యాంపస్‌లున్నాయి. కన్ఫర్మేషన్ మెయిల్‌లో ఉన్న పోస్ట్‌కోడ్ మ్యాప్‌లో పెట్టి, అక్కణ్ణుంచి నడిచి వెళ్లే దూరంలో ఏముందో చూడండి. వీలైతే ముందు రోజు సాయంత్రమే ఆ గేటు దాకా ఒకసారి నడిచి రండి.

లీడ్స్ నాకు నచ్చింది. బర్మింగ్‌హామ్ నుంచి రెండు గంటలు, స్టేషన్ చుట్టూ అన్ని రేట్లలో హోటళ్లున్నాయి. న్యూకాసిల్‌కి మూడు గంటల పైనే పడుతుంది. మనుషులు ఎంతో ఆప్యాయంగా దారి చూపిస్తారు, కానీ శుక్ర, శనివారాల రాత్రుళ్లు ఊరి నడిబొడ్డున నిద్ర పట్టడం కష్టం. అక్కడి ఫుట్‌బాల్ స్టేడియం సెయింట్ జేమ్స్ పార్క్‌లో మ్యాచ్ ఉందేమో కూడా చూసుకోండి. రైలు టికెట్ విషయానికొస్తే, వెళ్లేటప్పుడు అడ్వాన్స్ టికెట్ చవక. తిరుగు ప్రయాణానికి మాత్రం ఒక్క రైలుకే కట్టేసే టికెట్ కొనకండి. పరీక్ష మధ్యలో గడియారం చూస్తూ రైలు గురించి ఆలోచించే పరిస్థితి ఎవరికీ వద్దు. 26 నుంచి 30 ఏళ్ల వాళ్లకి రైల్‌కార్డ్ ఉంది, మూడో వంతు తగ్గుతుంది.

ఇక ట్రైనింగ్ సంగతి. బయట డబ్బు తీసుకుని ఓస్కీ బూట్‌క్యాంప్‌లు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసిన ఒకటి హాల్ నిండా జనంతో, ఒకే బొమ్మ చుట్టూ అందరూ గుమిగూడేలా ఉంది. చేతులతో చేసింది తక్కువ, విన్నది ఎక్కువ. మా హాస్పిటల్ ఎడ్యుకేషన్ టీమ్ పెట్టిన మాక్ పరీక్షలు నాకు దానికంటే ఎన్నో రెట్లు పనికొచ్చాయి. ఎందుకంటే ఒక మనిషి ఎదురుగా నిలబడి, నేను ఏ మాట పైకి అనలేదో రాసి చూపించింది.

అసలు కిటుకు అక్కడే ఉంది. మనకి ఏళ్ల అనుభవం ఉంటుంది, చేతులు వాటంతట అవే పని చేస్తాయి. కానీ ఓస్కీలో కనిపించినదానికీ, వినిపించినదానికీ మాత్రమే మార్కు. పరీక్షలో ఒక్కో భాగాన్ని స్టేషన్ అంటారు, మొత్తం 10 స్టేషన్లు. అసెస్‌మెంట్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్ అని నాలుగు ఒకే రోగి కథ చుట్టూ తిరుగుతాయి. మరో నాలుగు జతలుగా వచ్చే స్కిల్స్. చివరి రెండింట్లో మాట లేదు, రాతే. అసెస్‌మెంట్‌లో న్యూస్2 చార్ట్ (రోగి నాడి, బీపీ, శ్వాస లాంటివాటికి పాయింట్లు వేసే పట్టిక) నింపి స్కోరు కూడడం మాత్రమే చాలదు. 5 గానీ 6 గానీ వస్తే అర్జెంటుగా చూడాలి, 7 గానీ ఆపైన గానీ వస్తే ఎమర్జెన్సీ అని పైకి చెప్పాలి. మందు ఇచ్చే ముందు పేరు, పుట్టిన తేదీ, అలర్జీ, ఇవన్నీ రోగి పాత్ర వేసే మనిషిని నోటితో అడిగి, చేతి బ్యాండ్‌తో సరిచూడాలి. రాతలో తప్పు పోతే దిద్దేయకుండా ఒక్క గీత కొట్టి, సంతకం, తేదీ వేయాలి. హోటల్ గదిలో నేను ముందు రాత్రి చేసిన పని కూడా ఇదే. పుస్తకం మూసేసి, ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ చేతులు కడుక్కోవడం నుంచి మొదలుపెట్టి ఒక్కసారి మొత్తం నడిపించుకుని పడుకున్నాను.

నా సమయంలో ఓస్కీ ఫీజు 794 పౌండ్లు. ఏడు స్టేషన్ల దాకా ఫెయిలైతే అవి మాత్రమే మళ్లీ రాయొచ్చు, దానికి 397. ఎనిమిది, ఆపైన ఫెయిలైతే మొత్తం మళ్లీ. చాలా ట్రస్టులు (అంటే మనకి ఉద్యోగమిచ్చే ప్రభుత్వ ఆసుపత్రి సంస్థలు) మొదటిసారి ఫీజు, రైలు, హోటల్ భరిస్తాయి. రెండోసారి ఎవరు కడతారో, హోటల్‌కి ఎంత దాకా ఇస్తారో బయల్దేరకముందే మెయిల్‌లో రాయించుకోండి, ప్రతి రసీదూ దాచండి. మీ బుకింగ్ ట్రస్టే చేస్తున్నా ఫలానా ఊరైతే బాగుంటుందని అడగడంలో తప్పు లేదు, మా చెల్లెళ్లలో ఒకరికి అలాగే మార్చారు.

ఫలితం అయిదు పనిదినాల్లో మెయిల్‌కి వస్తుంది. పాసయ్యాక రిజిస్ట్రేషన్‌కి వేరే ఫీజు కట్టాలి, నా సమయంలో అది 153 పౌండ్లు. అప్పుడు పిన్, అంటే ఎన్‌ఎంసీ రిజిస్ట్రేషన్ నంబర్ వస్తుంది. పిన్ వచ్చిన రోజే హెచ్‌ఆర్‌కి పంపి, బ్యాండ్ 5 జీతం (రిజిస్టరైన నర్సు మొదటి జీతం గ్రేడు) ఏ తేదీ నుంచి లెక్క వేస్తారో అడగండి.